హార్వే 1969లో ఒక మాట, 1973లో ఇంకో మాట... ఈ పాజిటివిజం గొడవేంది?

కావలి కుర్రోడు:
అన్నలూ జాగ్రఫీ ఆప్షనల్ తీసుకోని క్వాంటిటేటివ్ రివల్యూషన్ (జాగ్రఫీని లెక్కలు, మోడళ్లతో సైన్స్ చేద్దామన్న ఊపు) దగ్గర ఇరుక్కున్నా. ఏ ఊరికా ఊరు ప్రత్యేకం అని వర్ణించుకుంటా కూర్చుంటే సైన్స్ ఎట్టవుద్ది, కొలిచి తేల్చే సూత్రాలు కావాలి అని (పాజిటివిజం అంటే అదేగా) 1953లో షేఫర్, ప్రాంతాల ప్రత్యేకతే జాగ్రఫీ అన్న హార్ట్‌షోర్న్ మీద లేచాడు, అందాక ఓకే. మరి ఆ సైన్స్ పద్ధతినే సమర్థిస్తా 1969లో ‘ఎక్స్‌ప్లనేషన్ ఇన్ జాగ్రఫీ’ రాసిన డేవిడ్ హార్వేనే 1973 కల్లా మార్క్స్ వైపు ప్లేటు తిప్పేశాడేంది? ఇంకోటి, ఊళ్లూ బజార్లూ షడ్భుజాల్లా సర్దుకుంటాయని క్రిస్టాలర్ గీసిన గీతలు మన మ్యాప్ మీద కుదిరి చావట్లా. ఉదయగిరి వాళ్లు కావలి ఉండంగా పెళ్లి బట్టలకి నెల్లూరు పోతారు గదా.

పొదిలి మాస్టారు:
పెళ్లి బట్టలకి పెద్దూరు పోతారనేగా నాయనా ఆయన చెప్పింది, ఉప్పూపప్పూ పక్కూళ్లో, పట్టుచీర పెద్దూళ్లో. షడ్భుజం రావాలంటే నేలంతా చదునుగా, జనం సమంగా ఉండాల. మనకి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క వెలిగొండలు, మధ్యలో రైలుకట్ట, హైవే, వాటెంబడే నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు. దీనికీ 1933లోనే రవాణా సూత్రం (ఊళ్లు పెద్ద దారుల వెంబడే వస్తాయని) పెట్టాడు, పుస్తకంలో కె=4 అని ఉంటది చూడు.

గొడవ అది కాదు. మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు తెలుసుగా. ఇంటి పక్కన బోరు వదిలేసి ఆడోళ్లు దూరం బోరుకి బిందె మోసుకెళ్తారు, దూరం లెక్కేసే మోడల్‌కి అదొక ఎర్రర్. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలవచ్చు సరే, ఆ బోరు ఏ పాలెం వాళ్లది, అక్కడ ఎవర్ని నీళ్లు పట్టుకోనిస్తారు, ఎవర్ని పట్టుకోనివ్వరు అనేది పోయి అడిగితేనే బయటపడుద్ది.

ఒంగోలు గిత్త:
హార్వే సంగతి ఎవరూ చెప్పలా. 1968లో అమెరికాలోని బాల్టిమోర్‌లో అల్లర్లు, మరుసటేడు ఆయన ఆ ఊరికే ఉద్యోగానికొచ్చి పేదోళ్ల ఇళ్ల మీద పనిచేశాడు. మోడల్ తప్పని కాదు ఆయన అన్నది. పేదోళ్లు సిటీ నడిమధ్య ఇరుకు ఇళ్లల్లో ఎందుకుంటారో థ్యూనెన్ బాపతు మోడల్ (నడిమధ్య నుంచి దూరాన్ని బట్టి నేల ధర, వాడకం తేలతాయనేది) సరిగ్గానే చెప్తంది, అది నిజం కాకుండా పోయేట్టు చెయ్యాల అన్నాడు. నాకైతే ఇంత గట్టి మాట ఈ సబ్జెక్ట్‌లో ఇంకోటి లేదు.

కానీ మాస్టారూ, నంబర్ల మీద పడి ఏడవబాకండి. 1962లో లెక్కల పుస్తకం ‘థియరిటికల్ జాగ్రఫీ’ రాసిన బంజీయే తర్వాత డెట్రాయిట్‌లో నల్లపిల్లల్ని కార్లు ఎక్కడెక్కడ గుద్దినాయో మ్యాప్ వేయించాడు. చుక్కలన్నీ ఆఫీసులకి పోయొచ్చే కార్ల దారిలోనే.

పొదిలి మాస్టారు:
నంబర్లొద్దని నేనెక్కడన్నా? చుక్కలు ఎవరి కోసం పెడతన్నావో ముందు చెప్పమంటన్నా, షేఫర్ బ్యాచ్ ఆ ప్రశ్నే సైన్స్ కాదంది.

కావలి కుర్రోడు:
థ్యాంక్స్. ‘టోపోఫీలియా’ రాసిన యి-ఫు టువాన్‌ని హార్వే పక్కనే రాయొచ్చా?

ఒంగోలు గిత్త:
వద్దు. ఆయన హ్యూమనిస్ట్, జనానికి ఊరి మీదుండే మమకారం గురించి రాశాడు, మార్క్స్ జోలికి పోలా. పాజిటివిజాన్ని ఇద్దరూ కొట్టారు గానీ చెరో వైపు నుంచి.