మజ్జిగలో మందు కలిపి ఇవ్వడం సబబేనా?

తెనాలి అక్క
మా తమ్ముడికి 26 ఏళ్లు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు అన్నారు. మొదట ఒలాంజపిన్ అనే మాత్ర వేసుకున్నాడు, చెవిలో మాటలు తగ్గాయి, కానీ విపరీతంగా ఒళ్లొచ్చింది, మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు, తనే మానేశాడు. కొన్నాళ్లకి మళ్లీ మొదలు, పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని గోడకి చెవి ఆనించి కూర్చోవడం. డాక్టరు దగ్గరికి రమ్మంటే నాకేం జబ్బు అంటాడు. చివరికి ఒక డాక్టరు గారు వాణ్ణి చూడకుండానే హాలోపెరిడాల్ చుక్కలు రాసిచ్చారు, రంగు, రుచి, వాసన ఉండవు, దేంట్లో కలిపినా తెలియదు అన్నారు. అమ్మ మజ్జిగలో కలుపుతోంది. ఇప్పుడు నిద్రపోతున్నాడు, గోడ దగ్గరికి వెళ్లడం తగ్గింది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నాకే ముద్ద దిగడం లేదు. ఇలా ఎన్నాళ్లు? మీరేమంటారు?

కరీంనగర్ చెల్లి
అక్కా, మీ అమ్మగారు చేస్తున్నది తప్పు కాదు. మా అన్నయ్య అర్ధరాత్రి గేటు దూకి వెళ్లిపోయేవాడు, ఎక్కడ దొరుకుతాడో, అసలు దొరుకుతాడో లేదో తెలియదు. తనకి జబ్బుందని గుర్తించే శక్తినే ఈ జబ్బు చాలామందిలో తీసేస్తుంది, అలాంటి మనిషి ఒప్పుకునేదాకా ఆగమంటే ఆ లోపు ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిది? మేమూ పప్పులో కలిపే పెట్టాం. కాస్త కుదుటపడ్డాకే కూర్చుని మాట్లాడగలిగాం. సలహాలు చెప్పేవాళ్లెవరూ మా ఇంట్లో ఒక్క రాత్రి ఉండలేదు.

విశాఖ కుర్రాడు
ఆ పప్పన్నం తిన్నవాళ్లలో నేనొకణ్ణి, కాబట్టి నా వైపు కూడా వినండి. జబ్బు బాగా ముదిరినప్పుడు నాకున్న భయం ఏంటో తెలుసా, ఇంట్లోవాళ్లు అన్నంలో ఏదో కలుపుతున్నారని. ఒకరోజు పెరుగు అడుగున తెల్లటి పొడి చూశాను. ఇక ఎవరేం చెప్పినా నమ్మడానికి నాకేం మిగిలింది? అమ్మ చేతి వంట తినడం మానేశాను, ప్యాకెట్ బిస్కెట్ల మీదే బతికాను.

మందు వద్దని నేను అనడం లేదు, ఈ రోజుకీ వాడుతున్నాను. మొదటిసారి ఎందుకు మానేశానో ఎవరూ అడగలేదని అంటున్నాను. అప్పుడు వాడిన రిస్పెరిడోన్ అనే మందు వల్ల నాకు లైంగికంగా ఇబ్బంది వచ్చింది, పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అది ఎవరికి చెప్పుకోవాలి? తర్వాత చూసిన డాక్టరు గారు అమ్మానాన్నల్ని బయటికి పంపించి సూటిగా అదే ప్రశ్న అడిగారు. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పరీక్ష చేయించి, నెమ్మదిగా అరిపిప్రజోల్ అనే మందుకి మార్చారు. దాంతో మొదట్లో కాళ్లు ఒక్కచోట నిలిచేవి కావు, కూర్చోలేను, పడుకోలేను, లోపల ఎవరో తరుముతున్నట్టు ఉండేది. అదీ మందు ప్రభావమేనని, జబ్బు పెరగడం కాదని చెప్పి డోసు తగ్గించి, ఆ ఇబ్బందికి ప్రొప్రనొలాల్ అనే మాత్ర ఇచ్చారు. చెప్తే వినే మనిషి ఉన్నాడని తెలిశాక ఇక నేను మానలేదు.

ఖమ్మం అబ్బాయి
అసలు ఈ మందులన్నీ మనిషిని మొద్దుబార్చడానికే. ఆపేస్తే పోతుంది కదా.

నర్సమ్మ
మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను. ఖమ్మం తమ్ముడూ, 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 65 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది మందు కొనసాగించినవాళ్లలో 27 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రకి మారినవాళ్లలో 64 శాతం మందికి. ఆ తేడా చిన్నది కాదు. అయితే అందులోనే చూడండి, మందు లేకుండా కూడా తిరగబెట్టనివాళ్లు ఉన్నారు, అందుకే కుదుటపడ్డాక డోసు తగ్గించే మాట డాక్టరుతో ఎత్తడం తప్పేమీ కాదు, అది నెలల తరబడి మెల్లగా జరగాలి, రాత్రికి రాత్రి కాదు.

ఇక తెనాలి అక్క గారూ, మీరు నైతికంగా అడుగుతున్నారు, నాకు అంతకంటే ముందు అతని ఒంటికి ఏమవుతుందోనని భయం. హాలోపెరిడాల్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ముఖ్యంగా కుర్రవాళ్లలో, హఠాత్తుగా మెడ ఒక పక్కకి లాక్కుపోవడం, కళ్లు పైకి వెళ్లి అక్కడే ఉండిపోవడం, నాలుక, దవడ బిగుసుకోవడం జరుగుతుంది. మెలకువగానే ఉంటారు, నరకం చూస్తారు. ప్రోమెథజిన్ లాంటి ఇంజెక్షన్ పడితే చాలామందికి కాసేపట్లోనే వదులుతుంది. కానీ క్యాజువాల్టీలో "ఏమైనా మందులు వాడుతున్నావా" అని అడిగితే ఆ అబ్బాయి లేదనే అంటాడు, అతనికి తెలియదు కదా! ఫిట్స్ అనుకుంటారు, ధనుర్వాతం అనుకుంటారు, దయ్యం అని తాయెత్తు కట్టించినవాళ్లనూ చూశాను.

మిగతావీ అంతే. జ్వరం, ఒళ్లంతా కర్రలా బిగుసుకోవడం, చెమటలు, మాట తడబడటం ఒకేసారి వస్తే అది ప్రాణాపాయం, పరిగెత్తాలి. ఆ మజ్జిగ తాగి బండి నడుపుతున్నాడా? మద్యం తాగుతాడా? తెలియని మనిషి జాగ్రత్త ఎలా పడతాడు? బిగువు తగ్గడానికి రాసే ట్రైహెక్సీఫెనిడిల్, మీరు పేసిటేన్ అంటారు, అదీ ఏళ్ల తరబడి రాసుకుంటూ పోతారు, నోరెండిపోవడం, మలబద్ధకం, మతిమరుపు దాని పుణ్యమే, అవసరం ఉందా లేదా అని మధ్యమధ్యలో డాక్టరుని అడగాలి.

మీ తమ్ముడు మానేసింది ఒళ్లొచ్చిందని, మత్తుగా ఉందని. ఆ రెండిటికీ దారులున్నాయి. ఒలాంజపిన్ వేసేముందే బరువు, నడుము కొలత, షుగరు, కొలెస్ట్రాల్ చూసుకోవాలి, తర్వాత కూడా చూస్తూ ఉండాలి. తక్కువ బరువు పెంచే మందుకి మారొచ్చు, కొందరికి షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ కూడా తోడుగా రాస్తారు. అతనితో ఎవరైనా ఇది మాట్లాడారా?

కరీంనగర్ చెల్లి
నర్సమ్మ గారూ, మీరు చెప్పేవన్నీ మనిషి ఆసుపత్రిదాకా వచ్చినప్పుడు. రానివాడి సంగతి?

గుంటూరు ప్లీడరు
దానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో దారి ఉంది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ప్రాణానికి ముప్పు ఉన్న అత్యవసర పరిస్థితిలో, నామినీ ప్రతినిధి, అంటే ఆ మనిషి తరఫున నిర్ణయం చెప్పేవారు, అందుబాటులో ఉంటే వారి సమ్మతితో, ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటలదాకా చికిత్స చేయొచ్చు. ప్రతినిధి దరఖాస్తుతో, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, 30 రోజులదాకా చేర్చుకోవచ్చు. కుదుటపడ్డాక తన చికిత్స ఎలా ఉండాలో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. మనిషిని చూడకుండా చుక్కలు రాసివ్వమని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

కరీంనగర్ చెల్లి
చట్టం బాగానే ఉంది. మా మండలంలో సైకియాట్రిస్టు లేడు. వ్యాను పిలిస్తే నలుగురు పట్టుకుని కట్టేసి తీసుకెళ్తారు, ఊరంతా చూస్తుంది. ఆ అవమానం కంటే పప్పులో చుక్కలు దయగా లేవా? మీరెవరూ దీనికి జవాబు చెప్పలేదు.

నర్సమ్మ
మీ ప్రశ్న న్యాయమైనదే, నేను కొట్టిపారేయను. కొన్ని రోజులకి, డాక్టరు మనిషిని చూశాక, వేరే దారి లేక చేసినదాన్ని నేను నేరం అనను. నెలలు, ఏళ్లు అదే పద్ధతి అయితేనే ఒప్పుకోను. ఒక సంగతి చూడండి, రెండు మందులు సరిగ్గా వాడినా తగ్గనప్పుడు అన్నిటికంటే బాగా పనిచేసేది క్లోజపిన్. తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కనుక మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష, గొంతునొప్పి, జ్వరం వస్తే వెంటనే చెప్పాలి, మలబద్ధకాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ఇది మజ్జిగలో ఇవ్వగలరా? దాచి ఇస్తున్నంతకాలం మంచి మందు దాకా వెళ్లలేరు. నెలకోసారి వేసే ఇంజెక్షన్లు కూడా అంతే, అతను చెయ్యి చాపాలి కదా. డాక్టరు దూరమైతే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

తెనాలి అక్క
అందరూ రాసింది అమ్మకి చదివి వినిపించాను. రేపటినుంచి ఆపేస్తానంది. ఆపొచ్చా? వాడికి ఎలా చెప్పాలి?

నర్సమ్మ
ఒక్కసారిగా ఆపకండి. సీసా, ఎన్ని చుక్కలు, ఎప్పటినుంచి, అన్నీ రాసుకుని ముందు మీరే జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టుని కలవండి.

విశాఖ కుర్రాడు
చెప్పేటప్పుడు అందరూ చుట్టూ కూర్చోకండి అక్కా, అది పంచాయితీలా ఉంటుంది. మీరొక్కరే మాట్లాడండి. జబ్బు మాట ఎత్తకండి, ఒళ్లొచ్చినందుకు ఎంత బాధపడ్డాడో అది అడగండి, నిద్ర సంగతి అడగండి. ఆ రెండిటికీ డాక్టరు ఏం మారుస్తారో తెలుసుకున్నాకే చుక్కల సంగతి చెప్పండి. కోప్పడతాడు. పడనివ్వండి. కొన్నాళ్లు మజ్జిగ తనే కలుపుకుంటానంటే అడ్డుచెప్పకండి.