కుక్కకు ఆరోగ్య బీమా చేయించడం లాభమేనా?

మా నాలుగేళ్ల లాబ్రడార్‌కు బీమా చేయించాలనుకుంటున్నాము. ఈ జాతికి తుంటి కీలు సమస్యలు ఎక్కువని డాక్టరు గారు చెప్పారు. అయితే నేను చూసిన పాలసీ పత్రాల ప్రకారం, ముందే ఉన్న జబ్బులకు, టీకాలకు, తొలి నిరీక్షణ కాలంలో వచ్చే వ్యాధులకు చెల్లింపు ఉండదు; మిగతా బిల్లులోనూ కొంత మనమే భరించాలి.

గత వర్షాకాలంలో దానికి గోమార్ల వల్ల జ్వరం వచ్చి, చిగుళ్లు పాలిపోయి, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. అది తిరగబెడితే పాత జబ్బు కిందే లెక్కిస్తారేమోనని నా భయం.

ప్రీమియం సొమ్మును నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోవడమే నయమని మా వారి అభిప్రాయం. కానీ ఆ డబ్బు పోగయ్యేలోపే ఆపరేషన్ అవసరమైతే ఏం చేయాలి? సొమ్ము లేక వైద్యం ఆపే పరిస్థితి రాకూడదన్నదే నా తపన.

క్లెయిమ్ చేసినవారు ఉంటే, బిల్లులో ఎంత శాతం చేతికి వచ్చిందో, ఏయే కాగితాలు అడిగారో దయచేసి తెలియజేయగలరు.