అప్‌డేట్: పాత మారుతి ఏసీ కొత్త గ్యాస్‌కి మారింది

1993 మారుతి 800 ఏసీకి పాత ఆర్-12 గ్యాస్ దొరకడం లేదు, దాని బదులు కొత్త రకం ఆర్-134ఏ ఎక్కించొచ్చా అని అడిగాను కదా. పనైపోయింది, ఏసీ బాగుంది.

గ్యాస్ కంటే ఆయిలే అసలు సంగతి. కంప్రెసర్ అరగకుండా ఉంచే పాత మినరల్ ఆయిల్ కొత్త గ్యాస్‌లో కలవదు, కంప్రెసర్‌కి సరిగ్గా తిరిగి చేరదు. కంప్రెసర్ విప్పి వంచితే నల్లటి జిడ్డు కారింది. అదంతా తీసేసి, లైన్లు ఫ్లష్ చేసి, కొత్త గ్యాస్‌లో కలిసే ఎస్టర్ ఆయిల్ పోశారు. తేమ పీల్చే డ్రయర్, జాయింట్ల దగ్గరి రబ్బరు ఓ-రింగులు కొత్తవే. వాక్యూమ్ పెట్టాక గేజ్ ముల్లు కదలకుండా నిలబడి, లీకు లేదని తేలాకే గ్యాస్ ఎక్కించారు, అదీ పాత కొలతలో 80-85 శాతమే. ఎక్కువైతే ప్రెషర్ పెరిగిపోతుంది.

హైవే మీద చల్లదనం బ్రహ్మాండం. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం కాస్త తగ్గుతోంది, వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి ఇంకాస్త పెద్ద ఫ్యాన్ వేయిస్తాను. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.