పాట ఆగినప్పుడు భయమేసింది: హింస సీన్లలో హుషారు పాటలు

కృష్ణాతీరం:
మొన్న రాత్రి 'రిజర్వాయర్ డాగ్స్' (1992) మళ్ళీ చూశాను. చెవి కోసే సీను గుర్తుందిగా? మైకేల్ మాడ్సన్ బూటులోంచి మంగలికత్తి తీస్తాడు, రేడియో పెడతాడు. 'స్టక్ ఇన్ ద మిడిల్ విత్ యూ' అందుకుంటుంది, డెబ్బైల నాటి మంచి ఊపున్న పాట. కుర్చీకి కట్టేసిన పోలీసు ముందు అతను చిన్నగా స్టెప్పులేస్తుంటే, ఇక్కడ నా కాలు తాళం వేస్తోంది. చూసుకుని టక్కున ఆపేశాను. నిజంగా సిగ్గేసింది. మీకెవరికైనా ఇలా అయిందా?

రీల్‌డబ్బా:
అన్నా, నాకైతే పాట లేనప్పుడే గుండె జారింది. పెట్రోలు డబ్బా కోసం గోడౌన్ బయటికి పోతడు చూడు. తలుపు దాటంగనే పాట సన్నగయి పోతది. ఎండ, మామూలు బయటి చప్పుడు, అంతే. డిక్కీ తెరిచి డబ్బా తీసుకుంటడు, మళ్ల లోపలికొస్తడు. కెమెరా ఆయన వెంటనే నడుస్తది. లోపల అడుగు పెట్టంగనే పాట మళ్ల గట్టిగ. అంత పెద్ద పాటే బయటికి వినబడ్తలేదంటే ఆ పోలీసాయన అరుపులు ఎవరికి వినబడతయి? అది సమజైనంక రాత్రి నిద్ర పట్టలే.

సరిగమ_లక్ష్మి:
కోసేటప్పుడు కెమెరా పక్కకి తిరిగిపోతుంది, చెవి తెగడం మనం చూడం. అయినా చూశామనే అనుకుంటాం.

నా బాధ వేరే. 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' (1971)లో మాల్కం మెక్‌డోవెల్ ఒక ఇంట్లో చొరబడి 'సింగిన్ ఇన్ ద రెయిన్' పాడుతూ భార్యాభర్తల్ని హింసిస్తాడు. అది స్క్రిప్టులో లేదట. డాన్స్ చెయ్యగలవా అని డైరెక్టర్ కూబ్రిక్ అడిగితే, నోటికొచ్చిన పాట అందుకున్నానని అతనే చెప్పాడు. వాన పడ్డప్పుడల్లా మా పాపకి ఆ పాటే, జీన్ కెల్లీ పాత సినిమాలో పాడింది, పెట్టేదాన్ని. ఆ సినిమా చూశాక పెట్టలేకపోతున్నాను. ఒక మంచి పాటని ఇలా లాగేసుకోవడం అన్యాయం కాదా?

ఎడిటింగ్_టేబుల్:
మేడమ్, మీ బాధ అర్థమైంది. నా అనుభవం చెప్తాను, నేను ఎడిటింగ్ అసిస్టెంటుని. పోయినేడాది మా షార్ట్ ఫిల్మ్‌లో ఒకణ్ణి గదిలో పెట్టి కొట్టే సీను ఉంది. ముందు ఆర్‌ఆర్‌లో (అదే, నేపథ్య సంగీతంలో) డ్రమ్స్ వేయించాం. భయపడండి, భయపడండి అని వెనక నుంచి చెప్తున్నట్టే ఉంది. తీసేసి, పాత యుగళగీతం ఒకటి గదిలోని రేడియోలో వస్తున్నట్టు పెట్టాం. బేస్ తగ్గించి, కాస్త గరగరలాడేలా.

అక్కడే తప్పు చేశాను. ఉత్సాహం కొద్దీ ప్రతి దెబ్బనీ బీటు మీద కూర్చోబెట్టాను. చూపిస్తే ఫ్రెండ్స్ ఈలలేశారు. దెబ్బలు తింటున్నవాడు ఎవరికీ కనపడలేదు! మర్నాడు దెబ్బలన్నీ నాలుగేసి ఫ్రేములు వెనక్కి జరిపాను. సెకనుకి 24 ఫ్రేములు, అంటే ఆరో వంతు సెకను. పాట దాని దారిన అది పోతోంది, మనిషి ఇక్కడ దెబ్బలు తింటున్నాడు. ఈసారి ఎవరూ నోరు మెదపలేదు. పాట పట్టించుకోకపోవడమే భయం.

చెన్నై_తెలుగోడు:
'లియో' (2023) కాఫీ షాపు ఫైటులో 2000 నాటి తమిళ పాట 'కరు కరు కరుప్పాయి' వచ్చినప్పుడు ఇక్కడ హాలు మొత్తం గొంతు కలిపింది. నేనూ పాడాను. భయం లేదు, పూనకమే. పాట హీరో పక్షాన ఉంది మరి. అదే 'ఫేస్/ఆఫ్' (1997)లో ఓ పిల్లాడి చెవులకి హెడ్‌ఫోన్స్ పెడతారు, 'ఓవర్ ద రెయిన్‌బో' నడుస్తుంటే చుట్టూ తుపాకులు పేలుతుంటాయి. అక్కడ పాట ఆ పసివాడి పక్షం. నాకు ఏడుపొచ్చింది.

సరిగమ_లక్ష్మి:
పిల్లాడి సీను ఒప్పుకుంటాను. అక్కడ పాటకి మచ్చ పడలేదు. కానీ మా పాప వాన పాట అడిగితే ఇప్పటికీ మాట మారుస్తున్నాను.

కృష్ణాతీరం:
ఎడిటింగ్ గారి పోస్టు చదివాక ఇందాక సౌండ్ పూర్తిగా తీసేసి ఆ సీను మళ్ళీ పెట్టాను. పాటతో చూసినన్నిసార్లూ నా చూపు మాడ్సన్ కాళ్ళ మీదే ఉండేది. ఈసారి ఆ పోలీసు కళ్ళు చూశాను. కత్తి ఎటు వెళ్తే అటు తిరుగుతున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వాటిని చూడలేదు.