వైవాక్స్ మలేరియాకు 14 రోజుల మాత్రలు పూర్తి చేయించేదెలా?

ప్రశ్న (ఎంఎల్‌హెచ్‌పీ - ఊరి క్లినిక్ చూసే ఆరోగ్య ఉద్యోగి, పాడేరు ఏజెన్సీ)
నమస్తే అండి. ఈ మధ్యే విలేజ్ హెల్త్ క్లినిక్‌లో చేరాను. వైవాక్స్ కేసులంటే టెన్షన్‌గా ఉంది. క్లోరోక్విన్ మూడు రోజులు వేసుకుంటారు, జ్వరం తగ్గుతుంది, ఇక ప్రైమాక్విన్ 14 రోజులు ఎవరూ వాడరు. పోడు (కొండ మీద సాగు) పనికి కొండెక్కి రాత్రిళ్లు పాకల్లోనే ఉండిపోతారు. ఆ మాత్రలు ఆపేస్తే కాలేయంలో దాక్కున్న క్రిమి కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది, అదే పిల్లాడు మళ్లీ వణుకుతూ వస్తాడు. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

జవాబు (రిటైర్డ్ మలేరియా సూపర్‌వైజర్)
అమ్మా, ఈ 14 రోజుల భారం ఆశా కార్యకర్త మీదే పడుతుంది. వేలు గుచ్చి కిట్ చూసేది ఆమె, రక్తం స్లైడ్ తీసి వానలో కొండ దిగి పంపేది ఆమె. రిజల్టు మాత్రం మన రిజిస్టర్‌లోనే ఉండిపోతుంది! ఇది నాకు ఎప్పుడూ బాధే. మా పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్ పేరు, ఊరు, మలేరియా రకం చీటీ మీద రాసేవాడు. సంత రోజు ఏఎన్ఎం ఆ చీటీతో పాటు మాత్రలు కూడా లెక్కపెట్టి ఆశా చేతిలో పెట్టేది. దాంతో ఊళ్లో ఆమె మాటకు విలువ పెరిగింది. పోడుకు వెళ్లేవాళ్లలో ఒకరికి మాత్రలు అప్పజెప్పించండి. దోమతెర కూడా పాకకు వెళ్లాలి, ఇంట్లో మడతపెట్టి ఉంచితే ఏం లాభం?

జవాబు (ఏఎన్ఎం)
మేడమ్, ప్రైమాక్విన్ అన్నం తిన్నాకే వేసుకోమనండి. ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపునొప్పి వస్తుంది, ఇక ఆ మాత్ర ముట్టరు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉంటే దీనివల్ల ఎర్ర రక్తకణాలు పగులుతాయి. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్ర ఆపి వెంటనే కబురు పెట్టమని మా ఆశా వాళ్ల కువి భాషలో చెబుతుంది, ఆమెది ఆ ఊరే. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వం, వాళ్ల పేర్లు విడిగా రాసుకుంటాం.

ప్రశ్న అడిగినవారు
చాలా థ్యాంక్స్ అండి. చీటీ సంగతి మా డాక్టర్ గారితో మాట్లాడతాను. ఇంకో అనుమానం. ఫాల్సిపారం (ఇంకో రకం మలేరియా) మందు పూర్తయిన పాపకు రెండు వారాల తర్వాత కూడా కిట్‌లో గీత వస్తోంది. మళ్లీ మందు మొదలుపెట్టాలా?

జవాబు (రిటైర్డ్ మలేరియా సూపర్‌వైజర్)
తొందరపడకమ్మా. క్రిమి చచ్చినా దాని ప్రోటీన్ రక్తంలో వారాల తరబడి ఉంటుంది, కిట్ దాన్నే పట్టుకుంటుంది. స్లైడ్ తీసి ల్యాబ్‌కు పంపు. పాపకు జ్వరం ఉంటే మాత్రం సంత దాకా ఆగొద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి పంపించు.