అప్‌డేట్: వెనిగర్ వాసన వేస్తున్న రీళ్లు, బొమ్మ వణికే వీహెచ్‌ఎస్ టేపులు

తాతయ్య తీసిన 8 ఎంఎం రీళ్ల డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన గుప్పుమంటోంది, పెళ్లి టేపుల్లో బొమ్మ వణుకుతోంది, ఏం చేయాలి అని అడిగాను కదా, ఇదీ సంగతి.

వాసన గురించి మీరు చెప్పిందే నిజం. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఇలాంటి ఫిల్మ్ పాడవుతుంటే అసిటిక్ యాసిడ్ (వెనిగర్‌లో ఉండేదే) పుడుతుంది, ఆ యాసిడ్డే మళ్లీ పాడవడాన్ని ఎగదోస్తుంది, పక్క రీళ్లనీ వదలదు. డబ్బాల్లో ఏ-డీ స్ట్రిప్స్ (యాసిడ్‌ని బట్టి రంగు మారే కాగితం ముక్కలు) పెట్టి చూస్తే చాలావరకు నీలం నుంచి ఆకుపచ్చకి తిరిగాయి, ఒక్కదాంట్లో మాత్రం పసుపు, అంటే బాగా ముదిరిందన్నమాట. ఆ రీలు కుంచించుకుపోయి అంచులు అలల్లా లేచాయి. ప్రొజెక్టర్‌కి ఎక్కిస్తే పళ్లు చిల్లుల్ని చీల్చేసేవే, అందుకే పళ్ల చక్రాలు లేని, రోలర్లతో నడిచే స్కానర్ ఉన్నవాళ్లకి ముందు దాన్నే ఇచ్చాను. మిగతావి తేమ చేరకుండా సీల్ చేసి ఫ్రీజర్‌లో.

టేపుల విషయంలోనే ఒళ్లు మండింది. మొదట ఇచ్చిన చోట బుల్లి ఎంపీ4 ఫైళ్లు చేతిలో పెట్టారు, ఎవరైనా కదిలితే చాలు దువ్వెన పళ్లలాంటి గీతలు! ఈసారి టైమ్ బేస్ కరెక్టర్ (టేపు సిగ్నల్‌లో తేడాలు సరిచేసి బొమ్మని నిలబెట్టే పరికరం) మధ్యలో పెట్టి, ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే వీడియో ఫార్మాట్‌లో లాస్‌లెస్‌గా, అంటే నాణ్యత ఏమీ పోకుండా క్యాప్చర్ చేయించాను, వణుకు దాదాపు పోయింది. గంటకి 30 జీబీ దాకా తింటోంది, తిననీ. అసలు టేపులు మాత్రం పారేయట్లేదు.

ఒక టేపుకి తెల్లగా బూజు పట్టింది. వీసీఆర్‌లో పెడితే టేపుని చదివే హెడ్స్ నుంచి మిగతా టేపులకీ అంటుతుందని ముట్టుకోలేదు. బూజు శుభ్రం చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?