సూపర్ 8లో 18 ఫ్రేములా, 24 ఫ్రేములా? ఉన్నవి రెండే కార్ట్రిడ్జ్‌లు

కొత్తరీలు:
అందరికీ నమస్కారం. మా తాతయ్య జీవితమంతా గడియారాలు బాగుచేశారు. ఇప్పుడు ఆయనకు 84 ఏళ్ళు. చూపు మందగించినా రోజూ పొద్దున్నే కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని, ఏదో ఒక పాత వాచీ విప్పి మళ్ళీ బిగిస్తారు. ఆ చేతుల్ని ఫిల్మ్ మీద తీయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. ఈమధ్య ఒక సూపర్ 8 కెమెరా (8 ఎంఎం వెడల్పు ఫిల్మ్ మీద ఇంటి సినిమాలు తీసే పాత కెమెరా) దొరికింది. అందులో సెకనుకు 18, 24, 36 ఫ్రేములు (బొమ్మలు) అని మూడు వేగాలున్నాయి. నా దగ్గర విజన్3 500టీ అనే, తక్కువ వెలుతురులోనూ పనిచేసే నెగటివ్ ఫిల్మ్ కార్ట్రిడ్జ్‌లు రెండే ఉన్నాయి. ప్రొజెక్టర్ లేదు. ల్యాబ్‌లో కడిగించి స్కాన్ చేయిస్తాను. మాటలు అక్కర్లేదు కానీ వాచీల టిక్‌టిక్ విడిగా రికార్డు చేసి కలపాలని ఉంది. 18లో తీయనా, 24లో తీయనా? అడిగినవాళ్ళంతా తలో మాట చెబుతున్నారు.

మూడురెక్కలు:
18లో తీయండి. లెక్క చూడండి. 50 అడుగుల కార్ట్రిడ్జ్‌లో అడుగుకు 72 చొప్పున 3,600 ఫ్రేములు. 18లో అయితే 3 నిమిషాల 20 సెకన్లు, 24లో అయితే రెండున్నర నిమిషాలే. రెండు కార్ట్రిడ్జ్‌లకు కలిపి తేడా నిమిషం 40 సెకన్లు. 84 ఏళ్ళ పెద్దాయనను అంతసేపు అదనంగా చూసుకోవచ్చంటే అది చిన్న సంగతి కాదు.

1965లో సూపర్ 8 వచ్చినప్పుడే ఇంటి సినిమాకు 18 అని పెట్టారు. దానికి ముందున్న 8 ఎంఎంలో 16 ఉండేది. ఇది నాసిరకం వేగం అనుకునేవాళ్ళు ఒక్కసారి ప్రొజెక్టర్ విప్పి చూడాలి. వెలుతురును ఆపి వదిలే షట్టర్‌కు మూడు రెక్కలుంటాయి. ఒక్కో ఫ్రేము తెర మీద మూడుసార్లు వెలుగుతుంది, అంటే సెకనుకు 54 సార్లు. 24 ఫ్రేముల బొమ్మను రెండు రెక్కలతో వేస్తే వచ్చేది 48. పైగా 18లో ఒక్కో ఫ్రేముకు వెలుతురు తగిలే సమయం ఎక్కువ. దాదాపు 0.4 స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) కలిసొస్తుంది. కిటికీ వెలుతురులో తీసేవాళ్ళకు అది పనికొచ్చేదే.

ఇరవైనాలుగు:
మూడురెక్కలు గారూ, ఆ లెక్కలన్నీ నిజమే. కానీ ఆయన దగ్గర ప్రొజెక్టరే లేదు కదండీ. చివరికి చూసేది ఫైల్. దాన్ని 24 ఫ్రేముల ఎడిటింగ్‌లో పెట్టగానే ప్రతి మూడు ఫ్రేములకూ ఒకటి రెండోసారి వేసి నాలుగు చేయాలి. కదలిక ఉన్నచోట అది చిన్న తడబాటుగా కంటికి తగులుతుంది. కెమెరా పక్కకు తిప్పితే ఇంకా బాగా తెలుస్తుంది.

గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద కనిపించే సన్నటి రేణువుల సంగతి కూడా చూడాలి. సూపర్ 8 ఫ్రేము ఆరు మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండదు, 500టీలో గ్రెయిన్ ఎక్కువ. ఫ్రేము మారిన ప్రతిసారీ గ్రెయిన్ చోటు మారుతుంది. సెకనుకు ఎన్ని ఎక్కువ ఫ్రేములు చూస్తే కన్ను దాన్ని అంతగా కలిపేసుకుంటుంది. అదే ఫిల్మ్ 24లో కాస్త నునుపుగా కనిపించేది అందుకే.

అన్నిటికంటే ముఖ్యం, ఆయన తీస్తున్నది వాచీలు. పాత వాచీలు చాలావాటిలో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఐదు. 18లో తీస్తే ఒక్కో ఊపుకు మూడున్నర ఫ్రేములు దొరుకుతాయి. చక్రం ఊగినట్టుండదు, అక్కడొకటి ఇక్కడొకటి అతికించినట్టుంటుంది. 24లో దాదాపు ఐదు దొరుకుతాయి.

మూడురెక్కలు:
చక్రం మాట బాగుంది, అది నాకు తట్టలేదు. అయితే ఆ ఒక్క షాట్ 36లో తీయమనండి. ఊపుకు ఏడు ఫ్రేములొస్తాయి, 18లో చూస్తే సగం వేగంతో హాయిగా ఊగుతుంది. ఐదు సెకన్లకు 180 ఫ్రేములు, ఆ ఖర్చు పెట్టుకోవచ్చు. ఒక షాట్ కోసం మిగతా సినిమా మొత్తం 24లో తీయక్కర్లేదు. ఆ పెద్దాయన చేతులు నిదానంగా కదులుతాయి. వాటికి 18 ఎక్కడ తక్కువైందో చెప్పండి.

ఇక ఫైల్ సంగతి. స్కానర్ ఒక్కో ఫ్రేమునూ ఫొటోలా తీస్తుంది. ఆ ఫైల్‌ను సెకనుకు 18 అని గుర్తుపెట్టి ఇవ్వమంటే ఏ ఫ్రేమూ రెండుసార్లు పడదు. 24 అంటే పవిత్రం అన్నట్టు మాట్లాడుతున్నారు కానీ, 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఆ 24 కూడా సమంగా పడదు. ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు, అలా సర్దుతారు. అది చూస్తూ ఎవరూ ఇబ్బంది పడట్లేదు కదా.

చేతిమీటర్:
మీ ఇద్దరి మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. వేగం ఏదైనా ఆ రెండు కార్ట్రిడ్జ్‌లూ పాడయ్యే దారులు వేరే ఉన్నాయి. అవి ముందు మాట్లాడాలి.

కొత్తరీలు గారూ, కిటికీ పక్కన బల్ల అన్నారు. కిటికీ ఫ్రేములోకి వస్తే ఆటో ఎక్స్‌పోజర్ ఆ వెలుగు చూసి అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మూసేస్తుంది. తాతయ్య గారి ముఖం, చేతులు నల్లగా పడతాయి. మీ కెమెరాలో ఎక్స్‌పోజర్ లాక్ గానీ మాన్యువల్ గానీ ఉందేమో చూడండి. ఉంటే జూమ్ చేసి చేతుల మీదే కొలత తీసుకుని, లాక్ చేసి, తర్వాత వెనక్కి రండి. లేకపోతే కిటికీ మీ వీపు వెనకో పక్కనో ఉండేలా నిలబడండి.

పాత కెమెరాలు చాలావాటికి తెలిసిన ఫిల్మ్ వేగాలు (వెలుతురుకు ఫిల్మ్ ఎంత స్పందిస్తుందో చెప్పే అంకెలు) 40, 160 రెండే. మీ 500టీని 160 అనుకుంటే ఒకటీ మూడింట రెండు స్టాప్‌ల వెలుతురు ఎక్కువ పడుతుంది. నెగటివ్ కాబట్టి తట్టుకుంటుంది, నీడల్లో గ్రెయిన్ కూడా కాస్త తగ్గుతుంది. అదే రివర్సల్ (కడగగానే నేరుగా అసలు బొమ్మ వచ్చే ఫిల్మ్) అయితే తెల్లబోతుంది. కాబట్టి దీని గురించి టెన్షన్ వద్దు. టెన్షన్ పడాల్సింది మీటర్ బ్యాటరీ గురించి. కొన్ని కెమెరాల్లో మోటారుకు వేరు, మీటర్‌కు వేరు బ్యాటరీలుంటాయి. మీటర్‌ది 1.35 వోల్టుల పాదరసం సెల్ కోసం చేసినదైతే, ఇప్పటి 1.5 వోల్టుల సెల్ వేస్తే కొలత తప్పొచ్చు. జింక్ ఎయిర్ సెల్ దానికి దగ్గరగా పనిచేస్తుంది. చేతి మీటర్ పక్కన పెట్టి, ఎండలోనూ ఇంట్లోనూ ఒకసారి సరిచూసుకోండి. చేతి మీటర్‌తో పోల్చేటప్పుడు వ్యూఫైండర్ కోసం కెమెరా కొంత వెలుతురు పక్కకు మళ్ళిస్తుందని గుర్తుంచుకోండి.

ఫోకస్ ఇంకొకటి. ముందు కంటి దగ్గరి చక్రం మీ చూపుకు సరిచేసుకోండి. తర్వాత పూర్తిగా జూమ్ చేసి ఫోకస్ పెట్టి, అప్పుడు వెడల్పు చేయండి. వాచీ లోపలికి వెళ్ళాలంటే మాక్రో మీట వాడాలి. అక్కడ వేలెడు ముందుకు వెనక్కి జరిగినా మసకే. ట్రైపాడ్ లేకుండా ఆ పని వద్దు.

కొత్తరీలు:
చేతిమీటర్ గారూ, చాలా థాంక్స్. ఎక్స్‌పోజర్ లాక్ ఉంది, ఇప్పుడే వెతికి పట్టుకున్నాను. బల్ల మీద ఎల్‌ఈడీ దీపం ఉంటుంది. అది వెలిగించి ఉంచనా?

చేతిమీటర్:
ఆర్పేయండి. కొన్ని ఎల్‌ఈడీలు కంటికి తెలియకుండా మినుకుతాయి. అది షట్టర్ వేగంతో కుదరకపోతే బొమ్మంతా కొట్టుకుంటుంది. ఏ వేగంలో కుదురుతుందో మీ కెమెరా షట్టర్ కోణం (ఒక్కో ఫ్రేముకు షట్టర్ ఎంత భాగం తెరిచి ఉంటుందో) తెలియకుండా చెప్పలేం. కిటికీ వెలుతురు చాలు.

కీ ఇచ్చే కెమెరా:
నేను 16 ఎంఎం మనిషిని, స్ప్రింగ్ కెమెరాతోనే తీస్తాను. మాకు ప్రతి షాట్‌కూ ముందు కీ ఇవ్వడం అలవాటు. చివరిదాకా వదిలేస్తే స్ప్రింగ్ నీరసించి వేగం పడిపోవచ్చు. ఇక్కడ ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. ఆ మీట మీద 18 అని రాసి ఉన్నంత మాత్రాన కెమెరా 18లోనే తిరుగుతోందని ఎవరు చెప్పారు? దశాబ్దాల నాటి మోటారు, గట్టిపడిన గ్రీజు. మోటారు బ్యాటరీ తగ్గినా తేడా రావచ్చు. కొత్త బ్యాటరీలు వేసి, సెకన్ల ముల్లు టక్కుటక్కున గెంతే గోడగడియారాన్ని ఒక పది సెకన్లు తీయండి. స్కాన్ వచ్చాక పది గెంతులకు ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. మీ ఇంట్లో గడియారాలకు కొదవ లేదనుకుంటాను.

ఇరవైనాలుగు:
ఇది అసలైన సలహా. నేనూ చేయలేదు ఈ పని.

కొత్తరీలు (రెండు నెలల తర్వాత):
తీశాను. మొదటి కార్ట్రిడ్జ్ 18లో, రెండోది 24లో. మధ్యలో బ్యాలెన్స్ చక్రం ఒక్కటి 36లో. వ్యూఫైండర్లో చూసిన దానికంటే చేతులు ఎంత బాగా వచ్చాయో చెప్పలేను. వెలుతురు లాక్ చేయని షాట్ ఒకటుంది, అందులో ముఖం పూర్తిగా చీకటే. ఆ ఒక్కటీ పోయింది.

ల్యాబ్‌వాళ్ళు రెండు రీళ్ళూ కలిపి ఒకే ఫైల్‌గా, 24 వేగంతో ఇచ్చారు. 18 సంగతి నేను ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. తెలియక అలాగే తాతయ్యకు చూపించాను. ఆయన తన చేతుల్ని చూడలేదు. వెనకాల గోడ మీది గడియారాన్నే చూసి, “అది ముందుకు పోతోందిరా, దింపు, చూస్తాను” అన్నారు. నిజమే. పది సెకన్లు చూస్తే ముల్లు పద్నాలుగు గీతలు దాటేసింది.

అప్పుడు కూర్చుని లెక్కపెట్టాను. మొదటి రీలులో పది గెంతులకు 171 ఫ్రేములు. అంటే నా కెమెరా 18 అసలు 17. రెండో రీలులో 238. మొదటి ఫైల్‌ను 17కు మార్చాక గడియారం సరిగ్గా నడిచింది, తాతయ్య కూడా. అంతకుముందు ఏదో తొందరలో ఉన్నట్టు కనిపించారు.

మూడురెక్కలు:
మరి ఏ రీలు ఇష్టపడ్డారు?

కొత్తరీలు:
ముఖం ఉన్నవి, స్క్రూలు బిగించేవి మొదటి రీలువే బాగున్నాయి. 24లో తీసిన చేతుల్ని వాటి పక్కన పెడితే నాకు తేడా కనబడలేదు. చక్రం మాత్రం 36లోది అద్భుతం. ఇబ్బంది వచ్చింది టిక్‌టిక్ కలపడంలో. 17కు మార్చిన షాట్లలో చప్పుడు ముల్లుతో మొదట కలిసి, తర్వాత జరిగిపోతోంది. రెండో రీలులో అంత జరగలేదు. మూడో కార్ట్రిడ్జ్ తెప్పిస్తున్నాను. ముఖాలకు 18 పెడదామనుకుంటున్నాను.

ఇరవైనాలుగు:
ముఖాలకు మీ ఇష్టం, అక్కడ మూడురెక్కలు గారితో ఇక వాదించను. చప్పుడు వినిపించే ప్రతి షాట్‌కూ మాత్రం 24 పెట్టండి. ఆ మాట మీద నేను కదలను.